కుండలో మిగిలిన ఒకటి

బీజగణితం ఎక్కడ పుట్టిందని ఎవరైనా అడిగితే బీదర్‌లో పుట్టిందని చెప్పండి. అరబ్బులు కనిపెట్టారనీ, అంతకుముందే ఇంకెవరో కనిపెట్టారనీ చదువుకున్నవాళ్ళు వాదిస్తారు. వాళ్ళలో ఒక్కరూ మా తాత ఏసప్ప మాస్టరు క్లాసులో కూర్చున్న పాపాన పోలేదు. బ్రాకెట్టును తయారుచేసింది కూడా ఆయనే. అంతకుముందు అది ఉత్త నిలువు గీత. ఆయన ఒకరోజు బోర్డు ముందు నిలబడి "విశ్రామ్" అన్నాడట. గీత నడుం వంచి హాయిగా నిలబడింది. వంగింది వంగినట్టే ఉండిపోయింది.

ఇంత గొప్పవాడు అసలు లెక్కల మాస్టరు కాదు. డ్రిల్లు మాస్టరు.

పుట్టింది బగ్దల్‌లో. నిజాం ఏలుబడిలో ఉర్దూలో ఏడో తరగతి దాకా చదివాడు. ఆ తర్వాత ఆయన కదలకుండానే రాజ్యాలు కదిలాయి. నిజాం పోయి హైదరాబాదు రాష్ట్రం వచ్చింది, అదీ పోయి మైసూరు రాష్ట్రం వచ్చింది. ఇంట్లో తెలుగు, చదివింది ఉర్దూ, బడి పుస్తకాలేమో కన్నడం. ఏసప్ప బాగా ఆలోచించి ఏ రాజ్యంలోనైనా ఒకేలా చెల్లే విద్యను చేపట్టాడు. అది ఈల ఊదడం. గాంధీ గంజ్ వెనక సందులో ఒక చిన్న బడి ఉండేది. అక్కడ పొద్దున్నే ఆయన "సావధాన్" అని గొంతెత్తితే, గంజ్‌లో లారీలకు మూటలెత్తే హమాలీలు కూడా మూటతో సహా ఒక క్షణం నిటారుగా నిలబడేవారట. ఇది మా అమ్మమ్మ దయమ్మ చెప్పిన మాట. ఆమె మొగుణ్ణి ఊరికే పొగిడే మనిషి కాదు కాబట్టి నమ్మవచ్చు.

ఆయన్ని పొగడని మనిషి ఇంకొకరున్నారు, దయమ్మ తండ్రి అబ్బయ్య. దుబల్గుండిలో నల్లరేగడి చేను, రెండు జతల ఎడ్లు, చేనంత పెద్ద నోరు. అల్లుడు పండక్కి వెళ్ళినా పలకరించడానికి వెళ్ళినా ఆయన మాట ఒకటే.

"అల్లుడా, పోరగాండ్లను గంతులేపిచ్చుడు గూడ ఒక నౌకరీయేనా? వచ్చి ఎడ్లను నడిపియ్యి. నీ పోరగాండ్ల కంటె మా ఎడ్లు నయం. చెప్తే వింటయి."

"ఎడ్లు సలాం కొట్టవు మామా," అనేవాడు ఏసప్ప.

"తన్ను కొడ్తయి. అది సాలు."

ఆ తన్నే ఏసప్ప భయం. చిన్నప్పుడు ఒక కోడె తన్నిన చోట ఇంకా చలికాలంలో సలుపుతుంది. అబ్బయ్య మాత్రం ఆశ వదులుకోలేదు. అల్లుడి ఎత్తు కంటితోనే కొలుచుకుని, ఆ కొలతకు ఒక ముల్లుగర్ర చెక్కించి, కొనకు ఇనుప ముల్లు కొట్టించి, తలుపు వెనక ఆనించి పెట్టాడు. ఎప్పుడో ఒకప్పుడు ఈ మనిషి ఈలను జేబులో పెట్టి ఆ కర్ర పట్టుకుంటాడని ఆయన నమ్మకం.

ఆ నమ్మకం నిజమయ్యే రోజు దగ్గరపడింది. చిన్న బళ్ళలో డ్రిల్లుకని వేరే మాస్టరు అక్కర్లేదని పైనుంచి తాకీదు వచ్చింది. హెడ్మాస్టరు సంగయ్య ఏసప్పను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. సంగయ్య ఎవరినైనా కూర్చోమన్నాడంటే చెడు కబురే.

"ఏసప్పా, నీ పోస్టు పోతాంది."

"అది పోతే నేను ఏడికి పోవాలె సార్?"

"నేను గూడ గదే సోంచాయిస్తున్న. మన లెక్కల మాస్టరు గుల్బర్గకు పోయి కూసున్నడు. ఎనిమిదో క్లాసుకు బీజగణితం చెప్పెటోడు లేడు. నువ్వు చెప్పు. కందులు గంజ్‌కు వచ్చే టైముకు ఇన్‌స్పెక్టర్ వస్తడు. నీ క్లాసు బాగున్నదని రాస్తే లెక్కల మాస్టరుగ ఉంటవు. బాగ లేదని రాస్తే..." సంగయ్య నాలుక చప్పరించి, చేత్తో గాల్లో ఎడ్లను అదిలించాడు. అబ్బయ్య సంగతి బడిలో అందరికీ తెలుసు.

"నాకు బీజగణితం రాదు సార్."

"పోరగాండ్లకు గూడ రాదు. అందరు కలిసి నేర్సుకోండ్రి."

ఏసప్ప పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాడు. మొదటి పాఠమే ఉమ్మడి కారణాంకాన్ని బయటికి తీయడం. తను ఉర్దూలో చదివినప్పుడు ఆ ఉమ్మడిదాని పేరు ఆద్-ఎ-ఆజమ్. వింటే ఎవరో నవాబుగారి బావమరిది అనిపిస్తుంది. కన్నడ పుస్తకంలో మహత్తమ సామాన్య అపవర్తన. పలికేసరికి గంట కొట్టేస్తారు. తెలుగులో ఏమంటారో తెలిసిన మనిషిని వెతికి అడిగితే గరిష్ఠ సామాన్య భాజకం అన్నాడు. అడగకుండా ఉంటే బాగుండేదనుకున్నాడు ఏసప్ప. చివరికి ఇంట్లో కందులు చెరుగుతున్న దయమ్మకు వినబడేలా తనే ఒక పేరు పెట్టాడు: "రెండింట్ల ఉన్న ఉమ్మడిది. గంతే."

లెక్క చూస్తే అంత గడ్డుగా లేదు. ఆరు ఎక్స్ ప్లస్ తొమ్మిది. ఆరూ మూడో ఎక్కంలో ఉంది, తొమ్మిదీ మూడో ఎక్కంలో ఉంది. ఆ మూడును బయట పెట్టి, రెండు ఎక్స్ ప్లస్ మూడును బ్రాకెట్టులో పెడితే సరి. ఎలా చేయాలో తెలిసింది. దాన్ని పిల్లల బుర్రలోకి ఎలా దించాలన్నదే పట్టుబడలేదు.

ఆదివారం చర్చిలో పట్టుబడింది. వాళ్ళ చర్చిలో ఒక వాడుక ఉండేది. ఏ ఇంట్లోనైనా వంటకని జొన్నలు తీస్తే ముందుగా ఒక పిడికెడు పక్క డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి చర్చి సంచిలో పోస్తారు. వాకిట్లో ఆ సంచి పట్టుకుని నిలబడేది ఏసప్పే. ఒక ఇంట్లో పెద్ద కుండ, ఒక ఇంట్లో చిన్న కుండ. పిడికెడు మాత్రం అందరికీ ఉమ్మడి. ఉమ్మడిది బయటికి వస్తుంది, మిగిలింది ఇంట్లో ఉంటుంది. సంచి పట్టుకున్న చేతులు అలాగే ఉండగా ఏసప్ప ముఖం వెలిగింది. ప్రసంగం బాగుందేమో అనుకున్నారు పాదిరిగారు.

సోమవారం క్లాసులో రెండు కుండల బొమ్మ వేశాడు. పిల్లలు పట్టేశారు. ఉమ్మడిది బయటికి, మిగిలింది బ్రాకెట్టనే ఇంట్లోకి. ఒకదాని తర్వాత ఒకటి టకటకా చేస్తుంటే ఏసప్ప ఛాతీ డ్రిల్లులో కంటే ముందుకొచ్చింది. అప్పుడు ఆరు ఎక్స్ ప్లస్ మూడు వచ్చింది. ముందు బల్ల మీద కూర్చునే లీయా లేచి నిలబడింది.

"సార్, రెండో కుండల మూడే ఉన్నది. మూడు బయటికి తీస్తే లోపల ఏముంటది?"

ఏసప్ప ఆగాడు. ఆగిన చోట ఆయనకు సుందరాబాయి గుర్తొచ్చింది. చర్చి గోడ పక్క గదిలో ఒంటరిగా ఉండే ముసలమ్మ ఆమె. కిందటి ఆదివారం ఆమె ఇంట్లో ఉన్నదే ఒక్క పిడికెడు. ఆ పిడికెడూ సంచిలో పోసి, డబ్బా అడుగున తట్టి మరీ వెళ్ళింది.

"ఏముండదు," అన్నాడు ఏసప్ప, గొంతు కాస్త తగ్గించి. "సుందరాబాయి అవ్వ ఉన్నదంత ఇచ్చింది. ఆమె కుండ ఖాళీ. ఈ రెండో కుండ గూడ గంతే." ఆ తర్వాత సగం పీరియడు ఆమె గురించే చెప్పాడు. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. లెక్కల్లో పిల్లల్ని ఏడిపించిన మాస్టర్లు లోకంలో చాలామంది ఉన్నారు గానీ, ఇలా ఏడిపించినవాడు మా తాత ఒక్కడే. కన్నీళ్ళ మధ్య బోర్డు మీద జవాబు వెలసింది:

6x + 3 = 3(2x)

అందరూ పలకల మీదికి ఎక్కించుకున్నారు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజునే అబ్బయ్య కూడా కందుల బండితో గంజ్‌కు వచ్చాడు. కందులు అమ్ముడుపోయాక బండి ఖాళీగా వెళ్ళడం దేనికి, అల్లుణ్ణి వేసుకుపోతానని ముల్లుగర్రతో సహా బడి గేటు దగ్గర నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు మైసూరు వైపు మనిషి. సన్నగా, తెల్లగా ఇస్త్రీ చేసిన బట్టల్లో ఉన్నాడు. కన్నడంలోనే అడిగాడు, పిల్లలు కన్నడంలోనే చెప్పారు. మనం మన భాషలో చెప్పుకుందాం. రెండు మూడు లెక్కలకు జవాబులు సరిగ్గా వచ్చాయి. ఏసప్ప ఊపిరి కుదుటపడుతుండగా ఆయన బోర్డు మీద ఆరు ఎక్స్ ప్లస్ మూడు రాసి సుద్దముక్క లీయాకు ఇచ్చాడు. లీయా తడుముకోకుండా మూడు, బ్రాకెట్టులో రెండు ఎక్స్ రాసి చేతులు దులుపుకుంది.

"మరి ఈ చివర ఉన్న మూడు ఎక్కడికి పోయింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చర్చికి పోయింది సార్."

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. క్లాసంతా అవునన్నట్టు తల ఊపింది.

"లోపల ఏమీ మిగల్లేదా?"

"లేదు సార్. అది సుందరాబాయి అవ్వ కుండ."

ఆయన నవ్వలేదు. తనే సుద్ద తీసుకుని బ్రాకెట్టు విప్పి చూపించాడు. మూడు రెండ్లు ఆరు, ఆరు ఎక్స్. అంతే వచ్చింది, మూడు రాలేదు. "బయటికి తీసిన దానితో లోపలున్న ప్రతిదాన్నీ మళ్ళీ గుణిస్తే, మొదట ఉన్నది మొదట ఉన్నట్టే రావాలి. రాకపోతే మధ్యలో ఎవరో కాజేసినట్టు," అని ఏసప్ప వైపు తిరిగాడు. "మాస్టరూ, నేను భోంచేసి వస్తాను. వచ్చాక ఇదే లెక్క అడుగుతాను. అప్పటికీ ఆ మూడు దొరకలేదంటే నేను రాయాల్సింది రాసి వెళ్తాను."

ఏసప్పకు అన్నం సంగతి గుర్తు రాలేదు. వెనక గేటు గుండా బయటపడ్డాడు, ముందు గేటు దగ్గర మామ ఉన్నాడు కాబట్టి. మూడును ఎక్కడ పెట్టాలి? లోపల మూడు రాస్తే విప్పినప్పుడు తొమ్మిది అవుతుంది. సున్నా రాస్తే మళ్ళీ చర్చికే పోతుంది. చర్చి గోడ దాటుతుంటే కర్ర టకటకలాడింది. సుందరాబాయి.

"ఏసప్పా, ఆగు. నీ బడి పోరగాండ్లు నన్ను సున్నవ్వ అంటున్రు. నీళ్ళకు పోతే సున్నవ్వ, కట్టెలకు పోతే సున్నవ్వ. ఏం నేర్పినవు వాళ్ళకు?"

"మంచిదే చెప్పిన అవ్వా. నీ కుండ ఖాళీ అయినా గూడ ఇచ్చినవని..."

"కుండ ఖాళీ అయితే నేను ఖాళీనా? ఆ కుండ ఎవరిది? నేను పుట్టెడు మనిషిని నీ ముంగట నిలవడ్డ గద. నన్ను ఒక్కదాన్ని లెక్కపెట్టనీకి గూడ రాదు, నువ్వు లెక్కల మాస్టరువా?"

ఏసప్ప తల వంచుకుని మళ్ళీ బడి వైపు నడిచాడు. ఆమె మాట ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో తెలియలేదు. ఆమె మాత్రం వదలకుండా వెనకే వచ్చింది, హెడ్మాస్టరుతో చెబుతానని.

ఏం చేయాలో తోచనప్పుడు మనిషి తనకొచ్చిన పని చేస్తాడు. ఏసప్ప మైదానంలోకి వెళ్ళి ఈల ఊదాడు. అన్నాలు తిన్న పిల్లలు పరుగెత్తుకొచ్చారు. "మూడేసి మంది వరస," అన్నాడు. ఆ మాట ఆయన ఎన్నేళ్ళుగా అంటున్నాడో ఆ మైదానంలో దుమ్ముకు కూడా తెలుసు. వరసలు కట్టారు. లీయా, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు గిన్నెలు కడుక్కుని ఆలస్యంగా వచ్చి పక్కన నిలబడ్డారు.

"మీరు ముగ్గురు ఏం జేస్తున్రు ఆడ?"

"వరసలన్ని నిండినయి సార్. మేము ముగ్గురమే మిగిలినం."

"ముగ్గురు ఉంటె ఒక వరస కాదా? కట్టుండ్రి."

ఎప్పుడూ అనే మాటే. ఈసారి అన్న తర్వాత ఈల ఆయన నోట్లోంచి జారి దారానికి వేలాడింది. ముగ్గురుంటే ఒక వరస. వరస లేకపోవడం కాదు, ఒకటి. చర్చిలో పిడికెడు తీసి ఇచ్చేయడం తీసివేత. అక్కడ కుండ ఖాళీ కావచ్చు. ఇక్కడ ఇవ్వడం లేదు, మూడేసి చొప్పున పంచుకుని వరసలు లెక్కపెడుతున్నాం. మూడును మూడేసి చొప్పున పంచితే ఒకటి వస్తుంది. తనకు బాగా వచ్చిన విద్యను వదిలేసి సంచి పట్టుకుని ఎక్కడికో వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టరు తాంబూలం వేసుకుని వచ్చేసరికి క్లాసు ఖాళీగా ఉంది. "సార్, జర మైదానానికి రావాలె," అన్నాడు ఏసప్ప. సంగయ్య గుండె పట్టుకుని వెనకే వచ్చాడు.

బడికి ఇటుపక్క సగం వరసలు, అటుపక్క సగం వరసలు, నిలబడ్డ చోటి నుంచి ఎవరికీ కనబడకుండా గోడల చాటున ఉన్నాయి. మధ్యలో ముగ్గురు ఆడపిల్లలు. రాయడానికి నేల ఉంది, కర్ర లేదు. ఏసప్ప చుట్టూ చూసి గేటు దాకా పరుగెత్తాడు.

"మామా, జర ఆ కర్ర ఇయ్యి."

అబ్బయ్య ముఖం విప్పారింది. "తీసుకో అల్లుడా, నీదే గద."

ముల్లుగర్రతో తిరిగొచ్చి ఏసప్ప నేల మీద పెద్ద గీత గీశాడు. "లీయా, ఇటు గోడ చాటున ఎన్ని వరసలున్నయో మనకు కనబడుతలేవు. ఎక్స్ అనుకుందాం. అటు గూడ గన్నే. వరసకు ముగ్గురు. పిల్లలు ఎందరు?"

"ఇటు మూడు ఎక్స్, అటు మూడు ఎక్స్. ఆరు ఎక్స్ సార్. మేము ముగ్గురం. ఆరు ఎక్స్ ప్లస్ మూడు."

"వరసకు ముగ్గురన్న మాట అందరికి ఉమ్మడి. దాన్ని బయట పెట్టు. ఇగ లోపల వరసలు లెక్కపెట్టు. ఎన్ని?"

"రెండు ఎక్స్..." లీయా తన పక్కనున్న ఇద్దరినీ చూసింది, తన కాళ్ళ వైపు చూసుకుంది. "ఇంకొకటి. మేమే ఆ ఒకటి."

ఏసప్ప చేతిలో కర్ర తీసుకుని తనే రాసింది. ముల్లు మట్టిలో లోతుగా దిగింది:

3(2x + 1)

తర్వాత ఎవరూ అడగకుండానే బ్రాకెట్టు విప్పింది. ఆరు ఎక్స్ వచ్చింది, ప్లస్ మూడు వచ్చింది. "మూడు దొరికింది సార్," అంది.

ఇన్‌స్పెక్టరు వంగి ఆ మట్టిగీతలను చదివాడు. "దొరికింది సరే. మరి ఆ ముసలమ్మ?"

"జొన్నలు పోయినయి సార్. ముసలమ్మ ఉన్నది. ఒక్కతి," అన్నాడు ఏసప్ప.

"ఉందా?"

"ఉన్న," అంది సుందరాబాయి గోడ దగ్గర నుంచి. "ఇంక సావలేదు. హెడ్మాస్టర్ ఎవరు మీల?"

అప్పుడు నవ్వాడు ఇన్‌స్పెక్టరు. తాంబూలం ఎర్రగా కనబడేలా నవ్వాడు. ఏసప్పను లెక్కల మాస్టరుగా ఉంచవచ్చని రాసి, వెళ్ళేటప్పుడు చెవి దగ్గర ఒక షరతు పెట్టాడు. మైదానం ఉదాహరణలు ఎన్నైనా చెప్పుకోవచ్చు, చర్చి ఉదాహరణలు మాత్రం చర్చిలోనే చెప్పుకోవాలి.

అబ్బయ్య గేటు దగ్గర ఇంకా నిలబడే ఉన్నాడు. సంగతి అల్లుడే వచ్చి చెప్పాడు.

"అల్లుడు రాకపాయె. కర్ర గూడ పాయె. ఎడ్లకు ఏం చెప్పాలె నేను?"

"మూడేసి వరస కట్టుమను మామా."

"నాకున్నయి రెండు జతలు. కట్టంగ ఒకటి మిగుల్తది. దానికి నీ పేరు పెడ్త," అని బండెక్కాడు. కర్ర మళ్ళీ అడగలేదు. ఏసప్ప దాని ముల్లు ఊడపీకించి, బోర్డు మీద చూపించే కర్ర చేసుకున్నాడు.

రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. బడికి కొత్త బోర్డు వచ్చింది, కొత్త పుస్తకాలు వచ్చాయి. ఏసప్ప మాస్టరు మాత్రం ఏటా ఆ పాఠం రోజున క్లాసును మైదానంలోకి తోలుకుపోయి ఈల ఊదేవాడు. సుందరాబాయి ఉన్నన్నాళ్ళూ ఆ గోడ పక్కన ఆయన దారి కాచేది. "ఏసప్పా, ఒకటి ఉన్నదా?" అని అడిగేది. "ఉన్నది అవ్వా," అనేవాడు. పోరగాళ్ళు ఆమెను ఒకటవ్వ అనడం మొదలుపెట్టారు. అదీ ఆమెకు నచ్చలేదు గానీ, కట్టెలు మోసి పెట్టమని వాళ్ళనే పిలిచేది.

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాను. మంచం మీద కళ్ళు మూసుకుని విన్నాడు. బ్రాకెట్టు కనిపెట్టాడన్న చోట కూడా కాదనలేదు. ఎలా ఉందని అడిగాను.

"ఆరు ఎక్స్ స్క్వేర్ ప్లస్ మూడు ఎక్స్," అన్నాడు కళ్ళు తెరవకుండా. "ఉమ్మడిది బయటికి తియ్యి."

"మూడు ఎక్స్ బయటికి. లోపల రెండు ఎక్స్."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"నా మీద ఇన్ని కాయితాలు రాసినవు గని, ఒకటి రాయనీకి చేతనైతలేదు నీకు. పో, చెరిపి మళ్ళ రాయి."